మోకాలు మార్చినంక యాది ఎందుకు తప్పుతుంది?

"అమ్మకు నడుంలో మత్తు సూది ఇచ్చిండ్రు, అప్పటి సంది మనిషి మనిషి లెక్క లేదు." హన్మకొండలో ఆసుపత్రులున్న ఏ వీధిలోనైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడితే ఈ మాట ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. మోకాలు చిప్ప మార్చారు, నడక బాగైంది. (చిప్ప మార్చారు అనే అంటాం గానీ చాలామందికి ఆ చిప్ప అలాగే ఉంటుంది. తొడ ఎముక కింది కొసకు, కాలి ఎముక పై కొసకు తొడుగులు వేస్తారు.) ఇప్పుడు మెట్లెక్కుతోంది, గుడికి పోయొస్తోంది. కానీ పేర్లు గుర్తుకు రావు, సీరియల్ కథ అందదు, పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతుంది. ఇంట్లోవాళ్ల తీర్పు ఒక్కటే: మత్తు మందు మెదడు మీద పడింది.

ఈ ఒక్క తీర్పు కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. మొదటిది ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి వచ్చే గందరగోళం. డాక్టర్లు డెలీరియం అంటారు. రెండోది వారాలు, ఒక్కోసారి నెలలు సాగే మందకొడితనం, ధ్యాస నిలవకపోవడం. మూడోది ఎప్పుడో మెల్లగా మొదలై ఇంట్లో ఎవరికీ పట్టకుండా ఉన్న మతిమరుపు జబ్బు, ఆపరేషన్ వంకతో బయటపడటం. మూడింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనీ వేరే. నెపం మత్తు సూది మీద వేసి ఊరుకుంటే మొదటిదానికి వెంటనే అందాల్సిన వైద్యం అందదు, మూడోదానికి అసలు డాక్టరు గడపే తొక్కరు.

రెండో రాత్రి జరిగేది

నర్సంపేట అవతలి పల్లె నుంచి వచ్చిన డెబ్బై రెండేళ్ల అవ్వ అనుకుందాం. ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం బర్రెకు మేత వేశారా అని కోడలిని ఫోన్లో అడిగింది కూడా. మరునాటి రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుంది. "పత్తి ఏరేటోళ్లు వచ్చిండ్రు, కూలి పైసలియ్యాలె, నన్ను పోనియ్యిరా" అంటూ చేతికున్న సెలైన్ సూది పీకేసింది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంది. కొడుకును పట్టుకుని ఎప్పుడో పోయిన తమ్ముడి పేరుతో పిలిచింది. తెల్లారేసరికి ఏమీ జరగనట్టు చాయ్ అడిగింది. పగలంతా బాగానే ఉంది. చీకటి పడగానే మళ్లీ మొదలు.

ఇది పిచ్చి కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. ఉన్నట్టుండి రావడం, పూటకో రకంగా మారడం, ధ్యాస ఒకచోట నిలవకపోవడం: ఈ మూడూ కలిస్తే డెలీరియం. గుండెకు గుండెపోటు ఎలాగో మెదడుకు ఇది అలాంటి అత్యవసర పరిస్థితి అని వృద్ధుల వైద్యులు చెప్తారు. ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే మోకాలు, తుంటి మార్పిడుల్లో వృద్ధుల్లో సుమారు వందకు 5 నుంచి 15 మందిలో ఇది కనిపిస్తుందని చాలా అధ్యయనాల లెక్క. బాత్రూంలో జారిపడి తుంటి విరిగి వచ్చినవాళ్లలో ఇంకా ఎక్కువ.

అరిచే అవ్వ గురించి ఎవరో ఒకరు నర్సును పిలుస్తారు. నాకు ఎక్కువ బెంగ అరవని అవ్వ గురించే. డెలీరియంలో నిశ్శబ్దంగా ఉండే రకం ఒకటుంది, వృద్ధుల్లో అదే ఎక్కువ. మనిషి మగతగా పడి ఉంటుంది, పిలిస్తే కళ్లు తెరిచి ఊ అంటుంది, ముద్ద నోట్లో పెడితే నమలడం మరిచిపోతుంది. చుట్టాలు వచ్చి "పాపం అలిసిపోయింది, పండుకోనియ్యుండ్రి" అని వెళ్తారు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుకు గొడవ చేయని పేషెంటు బాగున్న పేషెంటులాగే కనిపిస్తుంది. ఆ మగత వెనక రక్తంలో ఉప్పు పడిపోయి ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ మొదలై ఉండొచ్చు, ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు.

కనిపెట్టడానికి యంత్రాలేం అక్కర్లేదు. శనివారం నుంచి వెనక్కి వారాలు చెప్పమనండి. చదువు రాకపోయినా వారాలు అందరికీ వస్తాయి. "శనివారం, శుక్రవారం..." అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి కిటికీ వైపు చూస్తుంటే, నిన్నటిదాకా చెప్పగలిగిన మనిషి ఇవాళ చెప్పలేకపోతుంటే, డ్యూటీ డాక్టరును పిలవాలి. పిలిచినప్పుడు "అమ్మకు ఎట్లనో ఉంది" అంటే లాభం లేదు. "నిన్న సాయంత్రం దాకా బాగుంది, రాత్రి నుంచి ధ్యాస నిలవడం లేదు" అని చెప్పాలి. ఎప్పటి నుంచి అన్నదే డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చే ముక్క, అది చెప్పగలిగేది పక్కనున్నవాళ్లే. అమెరికాలో షారన్ ఇనౌయె అనే వైద్యురాలు 1990లో డెలీరియం గుర్తించే పద్ధతిని తయారుచేసినప్పుడు మొట్టమొదట పెట్టిన ప్రశ్న కూడా అదే: మనిషిలో మార్పు ఉన్నట్టుండి వచ్చిందా?

నేరమంతా మత్తు మందుదేనా?

ఈ అనుమానం మన దగ్గరే పుట్టింది కాదు. ఆపరేషన్ తర్వాత మావాడు మునుపటిలా లేడు అని బంధువులు చెప్పే మాటలను పట్టించుకుని ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ అనే వైద్యుడు 1955లో వెయ్యికి పైగా వృద్ధుల కేసులు తిరగేసి లాన్సెట్ పత్రికలో రాశాడు. తప్పనిసరైతేనే ముసలివాళ్లకు ఆపరేషన్ చేయాలన్నది ఆయన సలహా. మత్తు మందు మీద అనుమానం అప్పటి నుంచి గట్టిగా పాతుకుంది.

దాన్ని పరీక్షించడానికి మోకాలు మార్పిడే మంచి అవకాశం, ఎందుకంటే పూర్తి మత్తు ఇవ్వకుండా నడుంలో సూదితో కూడా చేయొచ్చు. న్యూయార్క్‌లో 262 మంది మోకాలు మార్పిడి పేషెంట్లను చీటీ తీసినట్టు రెండుగా విడదీశారు. సగం మందికి నడుంలో మందు, సగం మందికి పూర్తి మత్తు. ఆపరేషన్ అయిన వారానికి, ఆరు నెలలకు జ్ఞాపకశక్తి, ధ్యాస పరీక్షలు పెట్టారు. 1995లో ఫలితం వచ్చింది. రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఏ మత్తు తీసుకున్నా ఆరు నెలల నాటికి సుమారు నూటికి ఐదుగురిలో మాత్రం గమనించదగ్గ తగ్గుదల కనిపించింది. తుంటి విరిగిన 1,600 మందితో చేసి 2021లో వెలువరించిన పెద్ద అధ్యయనంలోనూ డెలీరియం రెండు పద్ధతుల్లో దాదాపు ఒకేలా, ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి వచ్చింది.

కాబట్టి "పూర్తి మత్తు వద్దు, నడుం సూది అయితే మతి పోదు" అనే మాటకు ఆధారం లేదు. నడుం సూదికి వేరే లాభాలున్నాయి, అది వేరే చర్చ. పైగా నడుం సూది ఇచ్చినా పేషెంటుకు టెన్షన్ లేకుండా నిద్ర మందు ఎక్కిస్తారు. ఆ నిద్ర ఎంత లోతుగా పోతుందన్నదీ చూడాల్సిందే.

మరి ఎంతమందికి ఇలా అవుతుంది, ఎన్నాళ్లుంటుంది? 1998లో లాన్సెట్‌లోనే వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ఇప్పటికీ గీటురాయి. అరవై దాటి పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 1,218 మందిని చూశారు. ఆపరేషన్ అయిన వారానికి 25.8 శాతం మందిలో తగ్గుదల ఉంది, మూడు నెలలకు అది 9.9 శాతానికి దిగింది. అదే వయసులో ఏ ఆపరేషనూ లేనివాళ్లకు అవే పరీక్షలు పెడితే వాళ్లలోనూ సుమారు 3 శాతం మందిలో తగ్గినట్టు తేలింది. అంటే ఆ అంకెలో కొంత భాగం పరీక్ష నాటి మూడ్, నిద్రలేమి, ఆ రోజు బాగోలేకపోవడం. ఆపరేషన్ సమయంలో ఆక్సిజన్, బీపీ పడిపోవడమే కారణమని పరిశోధకులు అనుకున్నారు, కానీ ఆ ముడి దొరకలేదు. ఆ ఊహ తప్పిందని వాళ్లే రాశారు.

డెన్మార్క్‌లో కవలల మీద చేసి 2016లో ప్రచురించిన పరిశీలన ఇంకా ఆసక్తికరం. ఎనిమిది వేలకు పైగా కవలల్లో పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకూ కానివాళ్లకూ తేడా చెప్పుకోదగ్గదిగా లేదు. మోకాలు, తుంటి మార్చుకున్నవాళ్లయితే కాస్త మెరుగ్గానే కనిపించారు. ఆపరేషన్‌కు సిద్ధపడేవాళ్లు మొదటి నుంచే కొంచెం గట్టివాళ్లు కావచ్చు. ఏళ్ల తరబడి సలిపే నొప్పి పోతే మనసు కుదుటపడటమూ కావచ్చు. రాత్రంతా మోకాలు గుంజుతుంటే ఏ వయసువాళ్లకైనా పొద్దున ధ్యాస ఎక్కడుంటుంది?

మరి ఏం జరుగుతోంది?

ఎముక కోయడం ఒంటికి పెద్ద గాయం. ఆ గాయానికి శరీరం మొత్తం వాపుతో స్పందిస్తుంది, రక్తంలో వాపు రసాయనాలు పెరుగుతాయి, వాటి ప్రభావం మెదడు దాకా పోతుంది. జంతువుల్లో ఇది స్పష్టంగా చూశారు, మనుషుల్లో చాలావరకు అలాగే ఉందని నమ్ముతున్నారు. మోకాలు మార్పిడిలో ఇంకో ప్రత్యేకత ఉంది. రక్తం కారకుండా తొడకు కట్టిన పట్టీ వదిలినప్పుడు ఎముక మూలుగలోని కొవ్వు నలుసులు రక్తంలో కలుస్తాయి. స్కాన్లలో అవి కనిపిస్తాయి. చాలామందికి వాటివల్ల ఏమీ కాదు. అరుదుగా ఒకటి నుంచి మూడు రోజుల లోపు ఆయాసం, గందరగోళం, ఛాతీ మీద ఎర్రటి చుక్కలు వస్తాయి. అది ప్రమాదం, ఆగకూడదు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయిస్తే ఖర్చు కలిసొస్తుందని చాలామంది మొగ్గు చూపుతారు. డెబ్బై దాటి, గుండె బలహీనంగా ఉండి, మతిమరుపు ఛాయలున్న మనిషికి మాత్రం ఒక్కో మోకాలు విడివిడిగా చేయించడమే మంచిదని నా అభిప్రాయం.

ఒకే ఆపరేషన్, ఒకే డాక్టరు, ఒకే మత్తు, అయినా పక్క మంచంలోని పెద్దమ్మకు ఏమీ కాదు, మన అవ్వకే అవుతుంది. ఎందుకు? యాసంగిలో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి తెలిసిందే కదా. పది మోటార్లు నడిచినన్నాళ్లు చడీచప్పుడు ఉండదు. అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే ఫ్యూజు కొట్టేస్తుంది. తప్పు చివర వేసిన మోటారుది కాదు, ముందే నిండిపోయిన లోడుది. వయసు, ముందు నుంచీ ఉన్న మతిమరుపు, షుగరు, పాత పక్షవాతం, చెవుడు, చూపు మందగించడం, రక్తం తక్కువ కావడం: ఇవి ముందే ఉన్న లోడు. నొప్పి, నిద్రలేమి, మూత్రం గొట్టం, మలబద్ధకం, ఇన్ఫెక్షన్, మందులు: ఇవి ఆసుపత్రిలో మీద పడేవి. వయసును తగ్గించలేం, మీద పడేవాటిని తగ్గించగలం.

మన ఇళ్ల నుంచి వెళ్లే కారణాలు

విదేశీ మార్గదర్శకాల్లో దొరకనివి కొన్ని మన ప్రాంతంలో ఉన్నాయి. అందులో మొదటిది కల్లు. మత్తు డాక్టరు "మందు తాగుతారా" అని అడిగితే తాత లేదంటాడు, కల్లు మందు కింద లెక్క కాదని ఆయన ధీమా. అవ్వనైతే ఆ ప్రశ్నే అడగరు. ఈతకల్లు, తాటికల్లు వరకైతే ఒక సంగతి. ఉత్తర తెలంగాణలో చాలాచోట్ల దొరికే కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం లాంటి మత్తు మందులు, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది రహస్యం కాదు. 2015లో దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్ ప్రాంతంలో జనం వింత చేష్టలతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు క్యూ కట్టారు. రోజూ సాయంత్రం సీసా తాగే మనిషిని ఆసుపత్రిలో పడుకోబెడితే జరిగేదీ అదే. రెండో రోజో మూడో రోజో చేతులు వణుకు, చెమటలు, లేనివి కనిపించడం. మోకాలు ఆపరేషన్ వల్ల మతి పోయిందనుకుంటారు. నిజానికి పోయింది రోజువారీ కల్లు. సిగ్గుపడకుండా ముందే చెప్తే డాక్టరు మందుతో మెల్లగా దింపుతారు.

ఆర్‌ఎంపీ దగ్గర ఏళ్ల తరబడి తీసుకునే నిద్ర మాత్రదీ ఇదే కథ. కీళ్ల నొప్పికి ఇచ్చే పొట్లం మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే ఇంకో చిక్కు. చాలాకాలం వాడి ఆపరేషన్ రోజున ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి మగతలోకి జారొచ్చు. అందుకే మాత్రల చీటీ కాదు, ఇంట్లోని మాత్రల డబ్బా మొత్తం సంచిలో వేసుకుని వెళ్లి మత్తు డాక్టరు ముందు బోర్లించండి. దగ్గు మందులు, దురద మాత్రలు, ఆయుర్వేదం పొడులు, అన్నీ.

ఆసుపత్రిలో ఇచ్చేవాటిలోనూ కొన్ని వృద్ధుల మెదడుకు పడవు. నిద్ర పట్టడం లేదంటే, దద్దుర్లంటే ఏవిల్, ఫెనర్గాన్ సూదులు ఇవ్వడం అలవాటు. పాతకాలపు అలర్జీ మందులన్నీ పెద్దవాళ్లలో గందరగోళం పెంచేవే. "ఇది లేకుండా నడవదా సార్" అని అడగడంలో తప్పులేదు. నొప్పికి ట్రమడాల్ ఇస్తారు, కొందరిలో అది మగత తెచ్చి రక్తంలో సోడియం (ఉప్పు) తగ్గిస్తుంది. పేరు చివర హెచ్ అక్షరం ఉండే బీపీ మాత్రల్లో చాలావాటిలో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉంటుంది, అదీ సోడియాన్ని తగ్గించేదే. వాంతులు, తిండి లేకపోవడం తోడైతే 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం 120లోకి దిగి మనిషి తలకిందులవుతుంది. రక్త పరీక్షతో గంటల్లో తేలే కారణం ఇది. అలాగని నొప్పిని ఓర్చుకోమనడం పరిష్కారం కాదు. ఓర్చుకున్న నొప్పి కూడా డెలీరియం తెస్తుంది. వేళకు పారాసిటమాల్, తొడ దగ్గర నరానికి మొద్దుబారే సూది లాంటివాటితో మత్తెక్కించే మందుల అవసరం బాగా తగ్గుతుంది.

మంచం పక్కన ఉండే మనిషి

ఇనౌయె బృందమే 1999లో ఇంకో పని చేసి చూపించింది. ఆసుపత్రిలో చేరిన వృద్ధులకు కళ్లద్దాలు, వినికిడి మిషను అందించడం, తాగడానికి నీళ్లివ్వడం, ఇవాళ ఏ వారమో ఎక్కడున్నామో చెప్తుండటం, మంచం దింపి నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం. అంతే. డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. దీనికి అక్కడ వలంటీర్లకు శిక్షణ ఇచ్చారు. మన దగ్గర పేషెంటు వెంట ఒక మనిషి చాప, టిఫిన్ డబ్బాతో ఎలాగూ ఉంటారు. ఆ మనిషికి ఏం చేయాలో ఎవరూ చెప్పరు, అదే లోపం.

కళ్లద్దాలు పోతాయని ఇంట్లో దాచి రాకండి. పళ్ల సెట్టు తీసి చీరకొంగులో కట్టుకుంటే అవ్వ మాట ఎవరికీ అర్థం కాదు, తిండీ సాగదు. పగలు కిటికీ తెర తీయండి, రాత్రి లైటు ఆర్పమని అడగండి. ఇరవై మంది చుట్టాలు ఒకేసారి చుట్టుముట్టే కంటే తెలిసిన ఒక్క గొంతు రాత్రిళ్లు పక్కనుండటం మేలు. "నువ్వు హన్మకొండ దవాఖానల ఉన్నవ్ అవ్వా, మోకాలు ఆపరేషన్ అయింది, నేను నీ మనుమణ్ని" అని నెమ్మదిగా ఎన్నిసార్లయినా చెప్పండి. పత్తి కూలీల గురించి వాదించొద్దు, "పైసలు ఇచ్చినం, పోయిండ్రు" అంటే సరిపోతుంది. చేతులు మంచానికి కట్టేస్తే గందరగోళం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇక ఆపరేషన్‌కు ముందు రాత్రి నుంచి గొంతు తడపనివ్వకపోవడం చాలాచోట్ల ఉంది. తిండికి ఆరు గంటలు ఆగాలి గానీ ఉత్త నీళ్లు రెండు గంటల ముందు వరకు చాలామంది తాగొచ్చని మత్తు వైద్యుల నియమాలే చెప్తున్నాయి. మీ పేషెంటుకు వర్తిస్తుందో లేదో అడగండి.

మూతి వంకర పోవడం, ఒక చేయి లేవకపోవడం, ఫిట్స్, ఆయాసం, షుగరు సూది తీసుకుని తినకపోవడం, లేపినా లేవకపోవడం: వీటికి తెల్లారేదాకా ఎదురుచూడొద్దు. ఇంటికి వెళ్లాక వస్తే 108కి ఫోన్ చేయండి.

ఇంటికొచ్చాక

డెలీరియం చాలామందిలో రోజుల్లో సర్దుకుంటుంది, కొందరిలో వారాలు పడుతుంది. మందకొడితనం తేలడానికి ఇంకాస్త టైం పట్టొచ్చు. మొదటి 30 రోజుల్లో కనిపించే తగ్గుదలను జబ్బు అనకుండా ఆలస్యంగా కోలుకోవడం అనాలని 2018లో నిపుణులు పేర్లు మార్చారు కూడా. అందుకే నెల తిరగకముందే అమ్మకు మతి పోయిందని ఊరంతా చాటొద్దు, ఆమె ముందు అసలే వద్దు. ఈ రోజుల్లో మాత్రల బాధ్యత ఒక్కరు తీసుకోవాలి, ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి. పట్టా కాగితాలు, బ్యాంకు సంతకాలు, చిట్టీ లెక్కలు కొన్నాళ్లు వాయిదా వేయండి.

"నాకు మతిమరుపు వచ్చింది" అని తనే పదేపదే బాధపడే మనిషికి పరీక్ష పెడితే తరచూ మామూలుగానే వస్తుంది, అక్కడ దిగులు సంగతి చూడాలి. తనకేమీ లేదంటూ ఇంట్లోవాళ్లే బాధపడుతుంటే ఎక్కువ అనుమానించాలి. మూడు నెలలైనా తేడా అలాగే ఉంటే నరాల డాక్టరుకు చూపించండి. బి12, థైరాయిడ్ లాంటివి దొరికితే వైద్యం సులువు. ఆపరేషన్‌కు ఏడాది ముందే అమ్మ అప్పు లెక్కలు తప్పేదా, దారి మరిచేదా, వంటలో ఉప్పు రెండుసార్లు వేసేదా అని డాక్టరు అడుగుతారు. నిజాయితీగా గుర్తు చేసుకోండి. చాలా ఇళ్లలో జవాబు అవును అనే వస్తుంది. డెలీరియం వచ్చినవాళ్లలో తర్వాతి కాలంలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపిస్తోంది. ఒకదానివల్ల ఒకటి వస్తోందా, లేక బలహీనపడుతున్న మెదడు ముందుగా డెలీరియం రూపంలో బయటపడుతోందా అన్నది ఇంకా తేలలేదు.

ఇక రెండో మోకాలు. మొదటిసారి డెలీరియం వచ్చిన మనిషికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అంత మాత్రాన నొప్పితో మంచాన పడి ఉండాల్సిన పనిలేదు. డిశ్చార్జి కాగితంలో డెలీరియం అనే మాట, ఏ రోజు వచ్చింది, ఏ మందు తర్వాత వచ్చింది రాయించుకోండి. చాలా కాగితాల్లో ఆ ముక్క ఉండదు, ఆపరేషన్ విజయవంతం అని మాత్రం ఉంటుంది. రెండోసారి వేరే ఆసుపత్రి అయినా సరే, సర్జన్ కంటే ముందు మత్తు డాక్టరుకు ఆ కాగితం చూపించండి.